ఎడమ భుజం మీదుగా నక్కో

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇది: నా బిడ్డ ప్రణవి ఎప్పటికీ మాట్లాడదేమోనని.

మిగతావన్నీ చిన్న భయాలు. గ్యాస్ ఆపానా లేదా, బాల్కనీ జాలీలో పిల్ల తల ఇరుక్కుంటుందా, ద్రాక్షపండు గొంతుకు అడ్డం పడుతుందా, ఇవి వస్తుంటాయి, పోతుంటాయి. ఇదొక్కటి పోయేది కాదు. మూడేళ్లు నిండి కొన్ని నెలలు దాటినా ప్రణవి నోట ఒక్క మాట లేదు. నవ్వేది, ఏడ్చేది, ఏదైనా కావాలంటే నా కొంగు పట్టుకుని దాని దగ్గరికి లాక్కుపోయేది. దవాఖానలో చెవులు చూపించాం. శుభ్రంగా వినిపిస్తోందన్నారు. పిల్ల ముందు అందరూ బాగా మాట్లాడుతూ ఉండండి, మాట దానంతట అదే వస్తుందని చెప్పి పంపించారు.

మేము సరిగ్గా దానికి ఎదురు పని చేశాం.

మా పక్క పోర్షన్‌లో రశ్మి ఉంటుంది. వాళ్ల బాబు ఆబిడ్స్‌లో పెద్ద బడికి పోతాడు. సీటు ఇచ్చే ముందు పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడతారని, ఇంట్లో తెలుగు, హిందీ, ఉర్దూ అన్నీ కలిపి వింటే పిల్లకు ఏది పట్టుకోవాలో తెలియక నోరు మూసుకుంటుందని ఆమె నాకు చెప్పింది. నా చదువు ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఆగిపోయింది. చదువుకున్నవాళ్లు ఏదైనా గట్టిగా చెబితే నాకు వెంటనే గుండె దడ మొదలవుతుంది. ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. మా మామయ్య వెంకటేశం ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల దుకాణంలో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. రూలు అంటే ఆయనకు పండగ. ఆ పూటే పెట్టేశారు: ప్రణవి ఉన్నచోట ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినిపించకూడదు.

చిక్కేమిటంటే మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు.

మామయ్యకు వచ్చిందంతా దుకాణం ఇంగ్లీషు. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముద్దుగా గడ్డం పట్టుకుని, "స్టాక్ నిల్" అనేవారు. మా అత్తమ్మ అనసూయకు "గుడ్ మార్నింగ్" ఒక్కటే వచ్చు. పాలు ఇస్తూ గుడ్ మార్నింగ్, మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతూ గుడ్ మార్నింగ్, జోకొట్టేటప్పుడు కూడా రాగం తీసి గుడ్ మార్నింగ్. నాకు వచ్చిన నాలుగు ముక్కలేమో, తప్పు మాట్లాడితే ఆ తప్పే పిల్లకు అంటుకుంటుందన్న భయంతో గొంతు దాటేవి కావు. మా ఆయన శ్రీహరి ఇంట్లో అడుగు పెట్టింది మొదలు సైగలే. పిల్ల గదిలోకి వస్తే చాలు, అందరం చప్పున ఆగిపోయేవాళ్లం. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడింది స్టేషన్ మైకులోని ఆడమనిషే.

ఇట్లా ఉండగా, ప్రణవి సీటు కోసం మేము అర్జీ పెట్టుకున్న ఆ పెద్ద బడి నుంచి పిలుపు వచ్చింది.

మా ఆయనకు ఆబిడ్స్‌లో బడి యూనిఫాంల దుకాణం ఉంది. రోడ్డుకు అవతల పోతున్న పిల్లవాడి టై చూసి ఏ బడో చెప్పేస్తాడు. ఆ రోజు మాత్రం సొంత బిడ్డ చెయ్యి పట్టుకుని బడి ఆఫీసు ముందు నిలబడి, అది ఏ బడో మరిచిపోయినట్టు బోర్డు మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. నేనైతే గేటు దగ్గరే రెండుసార్లు వెనక్కి తిరిగాను.

లోపల సుగుణమణి అనే టీచరమ్మ కూర్చుని ఉంది. మెదక్ ఆమె, జుట్టు సగం తెల్లబడింది, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. మా వెనక బెంచీ మీద ఇంకో పిల్లవాడు, వాళ్ల నాన్న తమ వంతు కోసం చూస్తున్నారు. టీచరమ్మ ముందు ప్లాస్టిక్ పండ్లు, కూరగాయల బుట్ట ఉంది. అరటిపండు తీసి ప్రణవిని అదేమిటని ఇంగ్లీషులో అడిగింది. ప్రణవి చూసి ఊరుకుంది. ఆపిల్ తీసింది. ఊరుకుంది. ఆమె ఈసారి పచ్చి మిరపకాయ తీసింది. ఎందరి పిల్లల చేతుల్లో నలిగిందో, దాని తొడిమ ఊడిపోయి ఉంది.

ప్రణవి దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి తొడిమ ఉండాల్సిన చోటు చూసింది. నాలుకతో టక్కుమనిపించింది. వెనక్కి తిరిగి కూడా చూడకుండా ఎడమ భుజం మీదుగా విసిరేసి, "నక్కో" అంది.

మిరపకాయ వెళ్లి వెనక బెంచీ మీద ఆయన తెరిచి పెట్టుకున్న బ్యాగులో పడింది.

నేను లేచిన ఊపుకు కుర్చీ కింద పడింది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. మీకూ వినిపించిందా అని టీచరమ్మను అడిగాను. మా ఆయన బెంచీ దగ్గరికి పోయి, మీరు విన్నారా సార్, మీరు సాక్ష్యం అని ఆ పెద్దమనిషి చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. ఆయన బ్యాగులోంచి మిరపకాయ తీసి, విన్నానండీ అని బెదురుగా ఒప్పుకున్నాడు.

సుగుణమణి టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. తర్వాత తెలుగులోకి వచ్చేసింది. వద్దు అనడానికి ఆ మాట ఇంట్లో ఎవరు వాడతారని అడిగింది. ఎవరూ అనరని చెప్పి మా రూలు సంగతి వివరించాం.

"మరి మీ ఇంట్ల ఇంగ్లీష్ ఎవరికొస్తది?" అని అడిగింది.

"ఎవరికి రాదు మేడం. అందుకే చుప్ ఉంటున్నం" అన్నాడు మా ఆయన.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"జూన్ దాకా సీటు ఆపుతనమ్మా. అప్పటికి ఇంకో నాలుగు మాటలు రావాలె. ఈ మాట ఎవరి దగ్గర నేర్చిందో ఆ మనిషిని పట్టుకోన్రి. ఒక్కటిచ్చిన మనిషి ఇంకో నాలుగిస్తది."

బయటికి వచ్చాక మాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఐస్‌క్రీం తినిపిద్దామని మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాం. మా ఆయన దారిలో కనిపించిన ఆటోవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. ఆ మాట ఇంకోసారి వినాలని నా ఆశ. చేతికి అందిందల్లా ప్రణవికి ఇచ్చి చూశాను: రుమాలు, తాళంచెవులు, వాటర్ బాటిల్, చివరికి వాళ్ల నాన్న చెప్పు. అన్నీ తీసుకుంది. మామిడిపండు ఐస్‌క్రీం కప్పు నాకి మరీ పెట్టింది. నోరు తెరవలేదు.

పక్కన పండ్ల దుకాణం కిషన్ మా ఆయనకు తెలిసినవాడు. పాపకు మాట వచ్చిందని విని సంబరంగా ఒక సపోటా చేతిలో పెట్టాడు. ప్రణవి దాన్ని తిప్పి చూసింది. ఒక పక్క మెత్తబడి ఉంది. టక్కుమంది. ఎడమ భుజం మీదుగా పోయింది సపోటా.

"నక్కో."

నేను చప్పట్లు కొట్టాను. కిషన్ మొహం చిన్నబోయింది. పాపం, ఆయన్ను ఓదార్చడానికి సంచీ నిండా సపోటాలు కొన్నాం. ఈ మాట అసలు ఎక్కడిదన్నా అని మా ఆయన అడిగితే మాత్రం కిషన్ తేరుకున్నాడు. ఇది పక్కా హైదరాబాదుదేనట. వేరే ఊళ్లవాళ్లు ఒద్దండీ అక్కర్లేదండీ అని ఇంత పొడుగు చెబుతారట, ఇక్కడివాళ్లకు అంత టైం లేక నక్కో అని తేల్చేశారట. దాంట్లో కొలతలు కూడా ఉన్నాయట. పొట్టిగా తుంచి అంటే బేరం అయిపోయినట్టు. కొద్దిగా సాగదీస్తే ఇంకాస్త తగ్గించమన్నట్టు. మెడ వంచి నవ్వుతూ అంటే ఇంకోసారి బతిమాలమన్నట్టు. మీ పాపది పొట్టిది, బేరానికి లొంగేది కాదని తీర్పు ఇచ్చాడు. ఐస్‌క్రీం దుకాణం ఆయన అడ్డొచ్చి, మాట పుట్టిందే తమ కౌంటర్ దగ్గర అన్నాడు. రెండో కప్పు పెడితే జనం నక్కో అనేవారట. మరి తినకుండా పోయేవాళ్లా అని అడిగాను. పోయినవాళ్లెవరూ గుర్తు లేరన్నాడు.

ఇంటికి చేరి సంగతి చెప్పగానే అత్తమ్మ సంతోషం పట్టలేక రెండు చేతులూ ఎత్తి గుడ్ మార్నింగ్ అంది. మామయ్య రూలు సంగతే మరిచిపోయి తెలుగులో మొదలుపెట్టారు. మరాఠీవాళ్లు 'నకో' అంటారని, ఆ మాట అక్కణ్నుంచి వచ్చిందని ఆయన వాదన. ఉస్మాన్‌గంజ్‌కు పప్పులు తెచ్చే మరాఠీ వ్యాపారులు రోజూ అనేవారట.

"పర్భణీ, నాందేడ్, ఔరంగాబాద్, అంత ఒకప్పుడు నిజాం రాజ్యమే గద. ఆడికెళ్లి మనుషులు ఈడికొచ్చిన్రు. మాట వాళ్లెంబడి వచ్చింది. పట్నపోళ్లు దాన్ని జర గట్టిగ ఒత్తిన్రు, గంతే" అన్నారు.

అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆమె పుట్టిల్లు బేగంబజార్. వాళ్ల అమ్మమ్మ రొట్టె వడ్డిస్తే నక్కో నక్కో అంటూనే మూడు తినేదని, ఆమెకు ఏ మరాఠీవాళ్లూ నేర్పలేదని చెప్పింది. కాసేపు ఆ వాదన సాగింది. చివరికి అత్తమ్మే విసుక్కుంది.

"మాట పట్నానికి ఎవలు తెచ్చిన్రో నాకెందుకయ్యా. పోరికి ఎవలిచ్చిన్రో చెప్పు."

వాదన అక్కడ తెగింది. జూన్ నాకు గుర్తొచ్చింది.

మరునాటి నుంచి ఆ మనిషి కోసం వెతుకులాట. మామయ్యను నిలబెట్టి ప్రణవి ముందు నక్కో అనిపించాను. అత్తమ్మతో అనిపించాను. రశ్మి తనకేమీ తెలియదంది. తనతో కూడా అనిపించాను. ప్రణవి మా అందరినీ వరసగా చూసి, జోకర్లను చూసినట్టు కడుపు పట్టుకుని నవ్వింది తప్ప ఎవరినీ గుర్తుపట్టలేదు. పాలవాడు, ఇస్త్రీ ఆయన, గల్లీ చివర కిరాణా ఆమె, ఎవరు 'వద్దు' అన్నా నేను వాళ్ల చేతుల వైపు చూడటం మొదలుపెట్టాను. ఎడమ భుజం మీదుగా విసిరేవాళ్లు ఒక్కరూ దొరకలేదు.

ఒక రోజు నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ప్రణవి వచ్చి పక్కన కూర్చుంది. పుచ్చిన కాయ ఒకటి ఏరి, టక్కుమని, వెనక్కి విసిరి, నక్కో అంది. మంచివి నాకు అందిస్తోంది. అప్పుడు నా బుర్రకు తట్టింది. పిల్ల ఇష్టం లేనిదాన్ని వద్దనడం లేదు. సరుకు ఏరుతోంది. ఎక్కడో ఎవరి పక్కనో కూర్చుని ఈ పని చేస్తోంది.

సరుకు ఏరేది మా ఇంట్లో మామయ్య ఒక్కరే. కానీ ఆయన పప్పులో రాళ్లను ముందుకు విసురుతారు.

శుక్రవారం వచ్చింది. రూలు పెట్టినప్పటి నుంచి మా ఆయన కొన్ని రోజులు పొద్దున పోతూ ప్రణవిని దుకాణానికి వెంట తీసుకుపోతున్నాడు. ఇంట్లో మాకు కాస్త మాట్లాడుకునే వీలు దొరుకుతుందని మేమే ఆ ఏర్పాటు చేసుకున్నాం. ఆ రోజు టిఫిన్ బాక్సు ఇవ్వడానికి నేనే ఆబిడ్స్ పోయాను. దుకాణం పక్కన సందు ఉంది. అందులో గోనెసంచి పరచుకుని సరూబాయి అని ఒక ముసలామె నిమ్మకాయలు అమ్ముతుంది. గోచీ పోసి చీర కడుతుంది. శుక్రవారాల్లో అక్కడే కూర్చుని నిమ్మకాయ కింద మిరపకాయలు, అన్నిటికీ అడుగున బొగ్గుముక్క గుచ్చి దిష్టి దండలు తయారు చేస్తుంది. శనివారం పొద్దున దుకాణాలన్నిటికీ పాతవి తీసి కొత్తవి కడుతుంది. మా దుకాణానికీ ఆమే.

ఆ సందులో, గోనెసంచి మీద, ఒడి నిండా మిరపకాయలతో నా కూతురు కూర్చుని ఉంది.

ఒక మిరపకాయ బాయికి అందించింది. బాయి తిప్పి తొడిమ చూసింది. తొడిమ లేని కాయ తొందరగా కుళ్లుతుంది, దండకు పనికిరాదు. నాలుకతో టక్కుమని, ఎడమ భుజం మీదుగా విసిరి, "నక్కో" అంది. తర్వాతది ప్రణవి తనే చూసింది. టక్కు. భుజం. నక్కో. వాళ్ల వెనక గోడ మొదట్లో మిరపకాయల కుప్ప పడి ఉంది. ఇద్దరూ ఒకే ఆఫీసులో ఏళ్ల తరబడి పని చేస్తున్నవాళ్లలా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పని చేసుకుపోతున్నారు.

నేను కేకేస్తే మా ఆయన కౌంటర్ వదిలి పరుగున వచ్చాడు. పిల్లను బయట ఎందుకు కూర్చోబెట్టావని అడిగాను.

"లోపల గిరాకి అంత తెలుగు, హిందీనే మాట్లాడ్తది గద మనస్వినీ. రూల్ తప్పుతదని బాయి కాడ కూసోబెట్టిన. నాకు ఫికరే లేకుండె. పదేండ్లసంది చూస్తున్న, ఆమె అసలు మాట్లాడనే మాట్లాడదు."

నేను అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వాను. మాట్లాడదని నమ్మి ఏరి కోరి అప్పజెప్పిన మనిషి దగ్గర దొరికింది మాట. ఆమెకు ఆ పనిలో కావలసింది ఆ ఒక్క మాటే. అందుకే నా బిడ్డకు కూడా అదొక్కటే వచ్చింది.

నవ్వు ఆగాక బాయి దగ్గరికి పోయి, టీచరమ్మ చెప్పిందంతా చెప్పాను. ఇంకో నాలుగు మాటలు నేర్పమని, జూన్ లోపల రావాలని బతిమాలాను. బాయి అంతా వింది. దారం ఎక్కించిన సూది నా చేతిలో పెట్టి, గోనెసంచి మీద కొంచెం పక్కకు జరిగింది.

కూర్చున్నాను. కూర్చున్న కాసేపటికి నాకు మాటలు మొదలయ్యాయి. ఇది తొడిమ, ఇది వంకర, ఇది మంచిగుంది, ఇంకోటి ఇవ్వు బిడ్డా, అబ్బ నా వేలు గుచ్చుకుంది. ఇన్ని నెలలు మింగినవన్నీ తెలుగులో గలగలా వచ్చేశాయి. మిరపకాయల గురించి అయిపోతే వాళ్ల తాత గురించి, బాపమ్మ అంటే మా అత్తమ్మ గురించి చెప్పాను. ప్రణవి మిరపకాయలు వదిలేసి నా నోటి వైపే చూస్తోంది. బాయి దండలు గుచ్చుకుంటూ అప్పుడప్పుడు చిన్నగా నవ్వింది.

తర్వాత నుంచి రోజూ పోయాను. మామయ్య తన రూలును తనే ఎత్తేశారు. అయితే తన వాదన సంగతి మాత్రం వదలకుండా ఒక రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని సందులోకి వచ్చారు. బాయి ముందు గొంతుక్కూర్చుని, ఈ నక్కో నీదెక్కడిదని అడిగారు.

"మా అమ్మది" అంది బాయి.

"మీ అమ్మది ఏ ఊరు?"

"పర్భణీ."

మామయ్య లేచి నిలబడ్డారు. తను చెప్పింది నిజమైందని ఆ సాయంత్రం నాంపల్లి గల్లీ అంతా తిరిగి చెప్పారు. అత్తమ్మకు రెండుసార్లు చెప్పారు. నేను మాత్రం ఆమె మొదటి జవాబు దగ్గరే ఉండిపోయాను. ఆ మాట అంటూ విసిరే చెయ్యి కూడా వాళ్ల అమ్మదే అయి ఉంటుంది. ఇప్పుడది నా కూతురి చెయ్యి.

మొదట వచ్చింది "ఇంకోటి". తర్వాత "వంకల" అని వంకర. ఆ తర్వాత "తొడిమ". ఒక సాయంత్రం అత్తమ్మ అలవాటు కొద్దీ గుడ్ మార్నింగ్ అని జోకొడుతుంటే ప్రణవి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "నక్కో, బాపమ్మ" అంది. అత్తమ్మ మంచం మీద నుంచి లేచి వచ్చి ఇంట్లో ఒక్కొక్కరికీ విడివిడిగా ఆ సంగతి చెప్పింది. మేమందరం ఆ గదిలోనే ఉన్నాం.

జూన్‌లో మళ్లీ టీచరమ్మ ముందు కూర్చున్నాం. బుట్టలో మిరపకాయ మారింది, కొత్తది, తొడిమతో ఉంది. ప్రణవి తిప్పి చూసి, "మంచిగుంది" అని ఆమె చేతికి తిరిగిచ్చింది. సుగుణమణి టీచరమ్మ లేచి నిలబడి ఆ మిరపకాయ అందుకుంది, సీటు ఖాయం చేసింది. మా ఆయన దుకాణానికి వచ్చి ఆ బడి టై తీసి, ప్రణవికి కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు.

బడి హడావుడిలో రెండు రోజులు పోవడం కుదరలేదు. టైతో బాయికి చూపిద్దామని శనివారం పొద్దున్నే ప్రణవిని తీసుకుని సందులోకి పోయాను. గోనెసంచి లేదు. మా దుకాణం గుమ్మానికి పోయిన వారం దండే వేలాడుతోంది. నిమ్మకాయ ముడుచుకుపోయింది. పక్క దుకాణానికీ అదే. ఆ వరస అంతా అదే. బాయి ఊరికి పోయిందని ఒకరు, ఒంట్లో బాగాలేదని ఒకరు చెప్పారు. ఎక్కడుంటుందని అడిగితే అఫ్జల్‌గంజ్ వైపని ఒకరు, కాదు స్టేషన్ అవతల అని ఇంకొకరు. ఫోన్ ఆమెకు లేదు. పదేళ్లుగా మా గుమ్మానికి దిష్టి తీసిన మనిషి, ఆమె ఇల్లు ఎక్కడో ఆ వరసలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాతి శనివారం కూడా రాలేదు.

"అమ్మా, బాయి ఎందుకు రాలె?" అని ప్రణవి అడిగింది.

అది నా బిడ్డ మొదటి ప్రశ్న. ఎన్నాళ్లు ఎదురుచూశానో దానికి. ఇప్పుడు పొద్దున లేవగానే అడుగుతుంది, బడికి పోతూ అడుగుతుంది, అన్నం తింటూ అడుగుతుంది. నోరు మూయడం లేదు. మంచి మిరపకాయలు ఏరి ఒక డబ్బాలో దాచింది బాయి కోసం. అవి ఎండిపోతే మళ్లీ కొత్తవి పెడుతోంది.

మీరు నాంపల్లి వైపో, అఫ్జల్‌గంజ్ వైపో పోయేవాళ్లయితే, లేదా పర్భణీలో మీకెవరైనా ఉంటే, కొంచెం కనుక్కోండి. సన్నగా, పొట్టిగా ఉంటుంది, గోచీ పోసి ఆకుపచ్చ చీర కడుతుంది. పలకరిస్తే పలకకపోవచ్చు, అది ఆమె పద్ధతి, ఏమీ అనుకోకండి. తొడిమ లేని మిరపకాయ ఒకటి చేతికిచ్చి చూడండి. ఎడమ భుజం మీదుగా పోతే ఆమే. తింటోందా, ఒంట్లో ఎలా ఉంది, పక్కన ఎవరైనా ఉన్నారా, ఒక్కసారి చూసి, ఆబిడ్స్‌లో మా యూనిఫాంల దుకాణానికి చెప్పి పోండి.